పదవీ విరమణనాడు ఒక్క తెలుగు కాగితము: రిజర్వు బ్యాంకు గవర్నరుగారికి బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరుగారి సముఖమునకు,

ఆర్యా,

గుత్తికోట నీడలో రైలునే నమ్ముకొని బ్రదికిన కుటుంబములు మా యూర వందలకొలది కలవు. ఇక్కడి డీజిలు లోకోషెడ్డులో చమురంటిన చేతులతో ఆయుష్షులో మేలైన భాగమంతయు ఇంజనులు విప్పి బిగించిన మా పెదనాన్నగారు అట్టివారిలో నొకరు. విరమణ సమయమున వారి చేతికి వచ్చిన గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు, వాడుకొనని సెలవుల జీతము, పింఛను కమ్యుటేషను సొమ్ము, ఇవన్నియు నేడు ఒకే సహకార పరపతి సంఘములో, ఒకే గడువుతో, ఒకే రసీదుగా నున్నవి. ఆ సంఘముమీద నాకు అభియోగ మేదియు లేదు. ఇంతవరకు వడ్డీ ఒక్కనెలయైనను తప్పలేదు. అయినను ఆ రసీదు తలపునకు వచ్చినప్పుడెల్ల నాకు గుండె దడదడలాడుచున్నది.

ఆ రసీదును నేను చేతబట్టుకొని చదివితిని. పేరు, మొత్తము, వడ్డీరేటు, గడువు తేది, నామినీగా పెద్దమ్మ పేరు, క్రింద రెండు సంతకములు, ఒక గుండ్రని ముద్ర. వెనుకవైపున చీమతలలంత యక్షరములతో ఆంగ్లమున నిబంధనలు. ఈ సొమ్మునకు బీమా కలదో లేదో తెలుపు వాక్యము ముందునను లేదు, వెనుకను లేదు. ఆ మాటయే పెదనాన్నగారి నడిగితిని. వారు రసీదును మరల ప్లాస్టికు కవరులో పెట్టి, పెట్టెలో పట్టుపంచె మడతక్రింద దాచుచు, “ఊరంతా ఆడే ఏసినారు గద నాయనా, వాళ్ళకైందే నాకూ అయితాది” అనిరి. ఈ మాటలో అమాయకత్వముకంటె ఊరిమీది విశ్వాసము హెచ్చుగా నున్నది. ఆ విశ్వాసమును నేను గౌరవింతును. కాని ఊరంతయు నొకేచోట దాచుకొన్నప్పుడు ఊరంతయు నొకేనాడు నష్టపోవునన్న సంగతి వారికి తోచలేదు.

పింఛనుండగా ఈ భయమేలయని కొందరడుగవచ్చును. కమ్యుటేషను అనగా నేమో ఎరిగినవా రట్లడుగరు. కేంద్రప్రభుత్వోద్యోగి తన పింఛనులో నూటికి 40 వంతులవరకు ముందుగా నొకేసారి తీసికొని, 15 సంవత్సరములపాటు తగ్గిన పింఛనుతో సరిపెట్టుకొనును. కావున ఆ రసీదులో నున్న సొమ్ము మిగులుబడి గాదు. రాబోవు పదునైదేండ్ల అన్నములో ఒక భాగమది. ఇక వారి యనంతరము పెద్దమ్మకు వచ్చు కుటుంబ పింఛను, సాధారణ నియమము ననుసరించి, చివరి జీతములో నూటికి 30 వంతులే. వారుండగా వచ్చు పూర్తి పింఛనైనచో చివరి జీతములో సగము. ఆ యంతరమును పూరింపవలసినది ఆ పెట్టెలోని కాగితమే.

తెలుగునాట ఇట్టి కాగితములకు పట్టిన గతి మీ రెరుగనిది కాదు. 2001లో హైదరాబాదున కృషి సహకార బ్యాంకు, మరుసటి యేట చార్మినారు సహకార బ్యాంకు కూలినవి. పిమ్మట విజయవాడ కేంద్రముగా వెలసిన అగ్రిగోల్డు సంస్థ, పలు రాష్ట్రములలో సుమారు 32 లక్షలమందినుండి 6,380 కోట్ల రూపాయలకు పైగా సేకరించి చెల్లింపులు నిలిపివేసెను. ఆ సొమ్మును వసూలుచేసిన ఏజెంట్లు పరాయివారు గారు. బావమరదులు, పొరుగింటివారు, పిల్లలకు పాఠము చెప్పిన పంతుళ్ళు. ఇంటికి వచ్చి, కాఫీ త్రాగి, క్షేమసమాచారము లడిగి, రసీదిచ్చి పోయినవారు. తుదకు తామును అందులోనే మునిగినవారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో పదివేల లోపు, 2021 ఆగస్టులో ఇరువదివేల లోపు డిపాజిటుదారులకు ఖజానానుండి చెల్లించినది. కూతురి పెండ్లికని, ముసలితనమునకని లక్షలు పెట్టినవారి నిరీక్షణ మాత్రము ఏండ్లతరబడి న్యాయస్థానముల గుమ్మములయొద్దనే సాగినది.

1960లో కేరళమున పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన పిమ్మట, 1962 జనవరి 1న మనదేశమున డిపాజిటు బీమా నెలకొన్నది. ఆనాటి పరిమితి 1,500 రూపాయలు. 1993 నుండి లక్ష. 2020 ఫిబ్రవరి 4 నుండి ఐదు లక్షలు. ఒకే బ్యాంకులో ఒకే వ్యక్తికి ఎన్ని శాఖలలో ఎన్ని ఖాతాలున్నను, అసలు వడ్డీలు కలిపి, అన్నింటికిని ఈ యైదు లక్షలే. సహకార బ్యాంకులకు సైతము ఈ రక్షణ కలదు. సహకార పరపతి సంఘములకు లేదు. బ్యాంకు అను పేరు సంఘములు పెట్టుకొనరాదనియు, వాటిలోని డిపాజిట్లకు బీమా లేదనియు మీ కార్యాలయమే 2021 నవంబరులో హెచ్చరించినది. ఆ హెచ్చరిక పత్రికలలో వచ్చినది. మా పెదనాన్నగారి పెట్టెలోనికి రాలేదు. మా యూరివారు నేటికిని ఆ సంఘమును బ్యాంకనియే పిలుతురు.

ఇక ముందుచూపునకు తిరుమల దేవస్థానమువారి నొకపరి తలచుకొందము. 2020 మార్చి 5న ఎస్ బ్యాంకు ఖాతాదారు లెవ్వరును ఏబదివేలకు మించి తీసికొనరాదని ఉత్తరువు వెలువడుటకు కొన్నినెలల ముందే, దేవస్థానమువారు అందులో నున్న 1,300 కోట్లను వెనుకకు తీసికొనిరి. 2022 నవంబరున వారు ప్రకటించిన శ్వేతపత్రమున 15,938 కోట్ల డిపాజిట్లు పెక్కు బ్యాంకులలో పంచి యుంచిన వివరము కలదు. శ్రీవారి సొమ్మునకు అట్టి కాపలా యుండుట మిక్కిలి సమంజసము. లెక్కలు చూచుటకు ఉద్యోగులు, ప్రమాదమును పసిగట్టుటకు సలహాదారులు నున్నవారి కది సాధ్యము; కన్ను మసకలు క్రమ్మిన విశ్రాంత ఫిట్టరు ఆ ప్రమాదమును పసిగట్టుట యెట్లు?

పంచి యుంచుట యను వివేకము మా సీమవారికి క్రొత్త గాదు. ఈ మెట్టనేలలలో వేరుసెనగ చాళ్ళ నడుమ కంది, ఆముదము, అలసంద విత్తుట తాతలనాటి యాచారము. కాయ ఊడలు దిగువేళ వాన మొగము చాటువేసినను, వెనుక వచ్చు జల్లులకు కందియైనను నిలుచునని వారి యాశ. పెదనాన్నగారి తండ్రి అట్లే సేద్యము చేసిరి. డబ్బును గూడ చాళ్ళుగా విత్తవచ్చునని పెదనాన్నగారికి చెప్పిన నాథుడు లేడు, అంతే. తపాలా కార్యాలయము వారింటికి నడచిపోవు దూరమున నున్నది. అందులోని వృద్ధుల పొదుపు పథకమున 2023 నుండి ముప్పది లక్షలవరకు పెట్టవచ్చును, కేంద్రప్రభుత్వమే పూచీ, మూడునెలల కొకసారి వడ్డీ. కాని ఆ పథకమునకు ఏజెంటు కమీషను 2011 డిసెంబరుననే రద్దయినది. కమీషను లేని మేలును ఇంటింటికి మోసికొనివచ్చి చెప్పువా రెవ్వరుందురు?

సహకార సంఘములు రాష్ట్ర రిజిస్ట్రారు పాలనలోనివి, మావి గావని మీరనవచ్చును. నిజమే. కాని విరమణ సొమ్ము ఏ సంఘమునకును నేరుగా పోదు. మొదట మీ యధీనములోని యొక బ్యాంకుఖాతాలోనే పడును. కొన్నిదినము లక్కడ నుండి, పిదప ఒక్క చెక్కుతో వెడలిపోవును. మీరు పలుకవలసిన సమయ మా కొన్నిదినములే. సొమ్ము జమయైననాడే ఆ బ్యాంకు తన ఖాతాదారునకు ఒక కాగితము, వాని మాతృభాషలో, ముసలికన్నులకు కనుపించు అక్షరములలో నిచ్చునట్లు ఆజ్ఞాపింపుడు. ఇందులో బీమా కలది ఇంత, లేనిది ఇంత. వేఱు బ్యాంకున పెట్టిన అక్కడ మరల ఐదు లక్షలకు బీమా. సంఘమునకో కంపెనీకో మార్చినచో ఈ రక్షణ యుండదు. తపాలా పథకములకు ప్రభుత్వపు పూచీ కలదు. ఈ నాలుగు మాటలు చాలును. దానిని చదివి వినిపించి సంతకము తీసికొనవలెను. ఐరోపా సమాఖ్య 2014 నాటి ఆదేశముతో డిపాజిటు స్వీకరించుటకు ముందే ఇట్టి సమాచారపత్రము నిచ్చి, అందినట్లు ఒప్పుదల తీసికొనుమని విధించినది. మీ టెలివిజను ప్రకటనలు మంచివే. కాని అవి అందరితోడను చెప్పునవి. ఈ కాగితము ఆ ఒక్క మనిషితో చెప్పును.

రెండవ విన్నపము బీమా పరిమితిని గూర్చినది. బ్రిటనులో విరమణ సొమ్మువంటి పెద్దమొత్తములు ఖాతాలో పడినప్పుడు, సాధారణ పరిమితికి మించిన రక్షణ ఆరునెలలపాటు లభించును, పెద్దలు తొందరపడక ఆలోచించి పంచుకొనుటకు. డిపాజిటు బీమా సంస్థ మీ బ్యాంకునకే చెందినది గనుక, అట్టి యేర్పాటునకు ప్రభుత్వముతో మాటాడుటకు మీకంటె తగినవారు లేరు.

పెదనాన్నగారి రసీదు గడువు వచ్చు సంక్రాంతికి తీరును. అందులో కొంతయైనను తపాలా కార్యాలయమునకు మార్పింపవలెనని నేను ప్రయత్నించుచున్నాను, వారింకను ఒప్పుకొనలేదు. తమ్ముని కొడుకు మాటకంటె బ్యాంకు ముద్రగల కాగితమునకు వారియొద్ద విలువ హెచ్చు. ఆ కాగితమును అప్పటికి పంపగలరా?

ఇట్లు,
గుత్తి నివాసి,
విశ్రాంత రైల్వే కుటుంబీకుడు