వరహా : పేరు, ముద్ర, విలువ

'వరహా' అనగా వరాహముద్ర గల బంగారు నాణెమని అర్థం చెప్పడం తరగతి గదులలో పరిపాటి. వ్యుత్పత్తి దృష్ట్యా ఇది సమంజసమే. కాని ఆ వ్యుత్పత్తినే నాణెపు లక్షణంగా గ్రహిస్తే పొరపాటు తప్పదు. ఇందుకు గోదావరీ మండలమే ప్రబల సాక్ష్యం.

వేంగీ చాళుక్యుల రాజలాంఛనం వరాహం. మొదటి శక్తివర్మ, రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడు (1022-1061) వేయించిన పలుచని బంగారు నాణేలలో నడుమ వరాహం, చుట్టూ రాజనామాక్షరాలు కానవస్తాయి. అట్టివి అరకాను తీరాన చెదూబా దీవిలో సైతం లభించినవి. అయినను ఈ సీమలోని దాక్షారామ భీమేశ్వరాలయ దానశాసనాలలో బంగారు నాణేనికి తరచు కనిపించే పేరు 'మాడ'. ముద్ర వరాహం, వ్యవహారం మాడ.

'వరహా' విశేష ప్రసిద్ధి పొందినది విజయనగర కాలంలో. ఆ ప్రభువుల లాంఛనమూ వరాహమే. కాని వారి బంగారు నాణేలపై ఎక్కువగా కానవచ్చేవి ఉమామహేశ్వరులు, బాలకృష్ణుడు, లక్ష్మీనారాయణులు, గండభేరుండం మున్నగు రూపాలు. తరువాత మద్రాసు కుంఫిణీ వరహాపై ఒకవైపు విష్ణుమూర్తి, మరొకవైపు నక్షత్రం నిలిచినవి. 1818లో వెండి రూపాయి ప్రమాణమైనప్పుడు ఆ వరహాకు మూడున్నర రూపాయల వెల కట్టబడినది. వరాహం కనిపించకున్నను పేరు చెక్కుచెదరలేదు.

ఇది శబ్దస్వభావమే. పాణిని రూపశబ్దం నుండి 'ముద్ర కొట్టబడినది' అనే అర్థంలో 'రూప్య' శబ్దాన్ని సాధించాడు. అది వెండికి పేరై, రూపాయియై, నేడు కాగితానికి కూడ చెల్లుతున్నది. జంతువును చెప్పే 'వరాహము', నాణేన్ని చెప్పే 'వరహా' దీర్ఘస్థానం చేత తెలుగులో వేరుపడినవి. పలికేవానికి జంతువు స్ఫురించవలసిన పనిలేదు.

కావున ప్రాచీన గ్రంథాలను బోధించేవారు, శాసనాలను పరిష్కరించేవారు నాణెపు పేరుకు వ్యుత్పత్తి, ప్రయోగకాలం, విలువ అనే మూడింటిని విడివిడిగా చెప్పడం ఉచితం. మాడ అని ఉన్నచోట వరహా అని అర్థం వ్రాస్తే దాత ఇచ్చిన ధనమే మారిపోతుంది. ఒక శబ్దార్థంలోని అశ్రద్ధ ఒక కాలపు ఆర్థిక చరిత్రనే తారుమారు చేయగలదు.