కొండ నిండా చుక్కకూర



సెలవు రోజంటే మనకు తెలిసిందే. బట్టలు ఉతుక్కోవడం, తిని పడుకోవడం. మొన్న సెప్టెంబరులో ఒక ఆదివారం మాత్రం మేం నలుగురం పెట్రోలుకు చందాలు వేసుకుని, పోర్ట్ అగస్టా నుంచి ఫ్లిండర్స్ కొండలకు కారులో బయలుదేరాం. చలికాలం వానలు బాగా పడితే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అక్కడ ఎడారి పూలు పూస్తాయి.

ముందు ఊరి చివరనున్న ఎడారి మొక్కల తోట చూశాం. 1996లో తెరిచారు, టికెట్టు లేదు. అక్కడ స్టర్ట్ డెజర్ట్ పీ అనే పువ్వు ఉంది. ఎర్రటి రేకులు, మధ్యలో నల్లటి బుడిపె, అచ్చం మన గురివింద గింజ రంగులు. 1961 నుంచి సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్ర పుష్పం ఇదే. దీని గింజకు పైతొక్క గట్టి. ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉండి, మంచి వాన పడ్డాకే మొలుస్తుంది.

అక్కడి నుంచి పిచి రిచి కనుమ. ఆ పేరు చదివి మేం నవ్విన నవ్వుకు కారు ఊగింది. కనుమ దాటితే క్వార్న్, తర్వాత హాకర్. హాకర్ దాటి విల్పెనా వైపు వెళ్తుంటే ఒక కొండవాలు మొత్తం ఎర్రగా కనిపించింది. ఆ గురివింద పువ్వే అనుకుని కారు ఆపాం.

దిగి చూస్తే పువ్వులు కావు, కాగితం లాంటి ఎర్రటి కాయలు. మాలో చిన్నవాడు జగిత్యాల తమ్ముడు వంగి ఒక ఆకు తెంపి నోట్లో పెట్టుకున్నాడు.

"అన్నా, ఇది చుక్కకూరనే!"

మాకు వంట చేసే బాబాయి నమ్మలేదు. తనూ ఒక ఆకు నమిలాడు. పులుపు తగిలేసరికి మాట్లాడకుండా నిలబడిపోయాడు. వదిలేస్తే ముదిరి విత్తనానికొచ్చిన చుక్కకూర, కొండంతా అదే!

తర్వాత తెలుసుకున్నాం. ఇక్కడ దాన్ని వైల్డ్ హాప్స్ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రూమెక్స్ వెసికేరియస్, మన చుక్కకూరకూ అదే పేరు. ఈ దేశపు మొక్క కాదు. ఒంటెల జీనుల్లో కుక్కిన గడ్డితో వచ్చిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఆ ఒంటెల కథ మనలాంటి వాళ్లదే. 1866 ప్రాంతంలో పోర్ట్ అగస్టా రేవులో వందకు పైగా ఒంటెలు, వాటిని తోలే 30 మందికి పైగా మనుషులు దిగారు. తర్వాత ఇంకా చాలామంది వచ్చారు. అందరినీ ఆఫ్ఘన్లు అన్నారు గానీ, వాళ్లలో బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ వాళ్లూ ఉన్నారు. మూడేళ్ల ఒప్పందాలు, భార్యాపిల్లలు ఊళ్లోనే. రోడ్డు లేని ఎడారిలో సరుకులు, ఉన్ని, టెలిగ్రాఫ్ సామాను మోసింది వాళ్లే. 1903లో వచ్చిన చట్టం ఆసియా వాళ్లకు పౌరసత్వం ఇవ్వకూడదంది. జీనులో దాగి వచ్చిన గింజను మాత్రం ఎవరూ కాగితాలు అడగలేదు. కొండంతా అల్లుకుపోయాక ఇప్పుడు కలుపు మొక్క అంటున్నారు.

జగిత్యాల తమ్ముడి తల్లి అంగట్లో కూరగాయలమ్ముతుంది. అప్పు తీరలేదని, ఏం మొహం పెట్టుకుని మాట్లాడాలని, వాడు నాలుగు నెలలుగా ఇంటికి ఫోన్ చేయలేదు. తిరుగు దారిలో హాకర్‌లో సిగ్నల్ రాగానే దూరంగా వెళ్లి చేశాడు. అమ్మ డబ్బుల మాట ఎత్తలేదట. చుక్కకూర సంగతి విని, "పప్పుల ఏసుకొని తిన్నరా బిడ్డా?" అని అడిగిందట. ఆ రాత్రి క్యాంపులో కందిపప్పు ఉంది, చింతపండు ఉంది. చుక్కకూర లేదు.

వెళ్లాలనుకునే వాళ్లకు నాలుగు మాటలు. క్వార్న్‌లో, హాకర్‌లో పెట్రోలు నింపుకోండి. నీళ్లు ఎక్కువే పెట్టుకోండి. పొద్దు వాలాక కంగారూలు రోడ్డుకు అడ్డం వస్తాయి, వెలుతురుండగానే తిరిగి రండి. పువ్వులు కోయకండి, నేరం కావచ్చు. రోడ్డు పక్క ఆకులు తినకండి, మందు కొట్టి ఉండవచ్చు. ఆ విషయంలో మేం చేసింది తప్పే.

ఇంకో మాట. హాకర్ దాటితే చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఇంటికి చేయాల్సిన ఫోన్ ఉంటే అక్కడే చేసేయండి.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం.