ఫోర్ట్రాన్ పునరుజ్జీవనము

కంప్యూటరుల లోకమున ఇరువది యేండ్లు నిండిన వస్తువును ముసలిదందురు. అట్టి లోకమున 1957లో వెలువడిన భాష యొకటి నేటికిని పని చేయుచున్నది. దాని పేరు ఫోర్ట్రాన్.

తొలినాళ్ళలో కంప్యూటరుకు ఇయ్యవలసిన ప్రతి యాజ్ఞను యంత్రమునకు తెలిసిన సంకేతములలోనే వ్రాయవలసివచ్చెడిది. ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ అను శాస్త్రజ్ఞుడు తన తోడివారితో కూడి, గణితసూత్రమును ఇంచుమించు కాగితముపై వ్రాయు రీతినే వ్రాసిన చాలునట్లు ఈ భాషను రూపొందించెను. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి కంప్యూటరు వచ్చినపుడు అచ్చటి విద్యార్థులు నేర్చినదియు ఈ భాషయే.

తరువాత పైథాన్ వంటి సులభమైన భాషలు పుట్టెను. యువకులు వానివైపు మరలిరి. ఇందు ఫోర్ట్రాన్ వాడినవారి తప్పును కలదు. పూర్వపు నియమము ననుసరించి ప్రోగ్రాములోని పేర్లకు ఆరు అక్షరములు మించరాదు; కావున వాని భావము ఇతరులకు బోధపడుట కష్టము. పెక్కుమంది తమ ప్రోగ్రాములను తమవద్దనే దాచుకొనిరి. ఒకరు చేసిన పనినే మరియొకరు మొదటినుండి చేయవలసివచ్చెను. వ్రాసినవారు ఉద్యోగము విరమించినచో ఆ ప్రోగ్రాము మర్మము వారితోనే పోవుచుండెను.

దీనివలన మనకేమి నష్టమని యడుగవచ్చును. వాతావరణమును, సముద్రమును లెక్కకట్టు పెద్ద ప్రోగ్రాములు పెక్కు ఫోర్ట్రాన్‌లోనే యున్నవి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రము అలలను, ప్రవాహములను ముందుగ తెలుపుటకు వాడువానిలోను అట్టివి కలవు. వానిని చదివి సవరింపగలవారు కరవైనచో, వేటకు పోవు జాలరికి అందవలసిన హెచ్చరికకే లోపము వాటిల్లును.

అన్నిటిని క్రొత్త భాషలో తిరిగి వ్రాయరాదా యని కొందరందురు. వ్రాయవచ్చును. కాని వేలకొలది, లక్షలకొలది పంక్తులను మార్చి ఫలితములను సరిచూచుటకు ఏండ్లు పట్టును. ఎన్నడో దిద్దిన తప్పులు మరల పుట్టవచ్చును. తిరిగి వ్రాయుటకైనను ముందు పాతదానిని చదువవలెను గదా!

నా యభిప్రాయమున, ఈ భాషను నిలుపు మార్గము ప్రోగ్రాములను పంచుకొనుటయే. సమీకరణములను సాధించు లాపాక్ అను ప్రోగ్రాముల సంపుటిని 1992లో ఎల్లరకును ఉచితముగ నిచ్చిరి. అందుచేతనే అది నేడు ఫోర్ట్రాన్ ఎరుగనివారికిని, పైథాన్‌లో లెక్కలు చేయువారికిని, అక్కరకు వచ్చుచున్నది. 2020లో వివిధ దేశములలోని ఉత్సాహవంతులు కొందరు ఏకమై, అందరికి పనికివచ్చు ప్రోగ్రాముల ఉమ్మడి భాండాగారమును, ఒకరు వ్రాసినదానిని మరియొకరు తేలికగ తెచ్చుకొను సాధనమును ఫోర్ట్రాన్‌కు నిర్మింప నారంభించిరి. వీనిని ఎవరైనను చదువవచ్చును; తప్పు చూపవచ్చును; దిద్దవచ్చును. క్రొత్తగ నేర్చువారికి ఎదుట మంచి మాదిరి యున్నందున భయము తగ్గును. 2023లో ఈ భాషకు క్రొత్త ప్రమాణమును వెలువడెను.

తమ ప్రోగ్రామును నలుగురిలో నుంచిన తప్పులు బయటపడునని వెనుదీయువారు కలరు. బయటపడిన తప్పును ఎవరో యొకరు దిద్దుదురు. దాచిన తప్పు తుపాను వచ్చిన నాడుగాని తెలియదు.

బాలబాలికలారా! మీరు రేపు ఏ కంప్యూటరు భాష నేర్చినను, ఇతరులు చదువగలుగునట్లు వ్రాయుడు. వ్రాసినదానిని దాచుకొనక పంచుకొనుడు. మీ తరువాత వచ్చువారు దానిని మీరు విడిచినచోటినుండి ముందునకు కొనిపోవుదురు.