మడతచాకు పొడవు

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో పొలమునకు పోవు రైతు వద్ద కొడవలి యున్నను లేకున్నను మడతచాకు ఉండుట పరిపాటి. అది జేబులోనో, మొలత్రాటికో, తలపాగ చుట్టలోనో యుండును. వానిలో బెత్తెడు చాకులే ఎక్కువ. అయినను కొందరు, విప్పినయెడల మూరెడు కనబడు చాకును మోయుచుందురు. తోడివారు "వేటకు పోవుచున్నావా?" అని పరిహసింతురు. అతడు నవ్వి యూరకుండును గాని చాకును మాత్రము మార్చడు. ఇట్టి పెద్ద చాకును ఏల మోయుదురను ప్రశ్న అల్పముగా తోచవచ్చును. కాని యిందులో కొంత పనిముట్ల శాస్త్రమును, కొంత భయమును, కొంత డంబమును, కొంత చట్టమును కలిసియున్నవి. ప్రాణములు తీయు అపోహలు రెండు కూడ నున్నవి. అందుచేత సంఘసభ్యుల యెదుట ఈ విషయమును పెట్టుచున్నాను.

మొదట పెద్ద చాకు పక్షమున చెప్పదగినది చెప్పెదను. మడతచాకులో అలుగు పిడిలోనికి ముడుచుకొనవలెను గనుక పిడి ఎల్లప్పుడును అలుగుకంటె పొడవుగా నుండును. మూడంగుళముల అలుగునకు నాలుగంగుళముల పిడి. నాలుగంగుళముల అలుగునకు అయిదంగుళముల పిడి. సేద్యము చేయు మగవాని అరచేయి బొటనవ్రేలి మొదలుతో కలిపి కొలిచినచో అడ్డముగా నాలుగంగుళములకు తగ్గదు. పిడి అంతకు పొట్టియైనచో చిటికెనవ్రేలికి పట్టు దొరకదు. పిడికొన అరచేతిలో గ్రుచ్చుకొనును. అరగంట పనికే చేయి తిమ్మిరెక్కును. చెమటయు, బురదయు, మామిడి సొనయు అంటిన చేతిలో చిన్న పిడి జారును. జారిన చాకు తెగవలసినదానిని విడిచి వ్రేలిని కోయును. కావున పెద్ద చాకును కోరువారిలో పలువురు నిజముగా కోరునది పెద్ద పిడి. పెద్ద అలుగు దానివెంట వచ్చినది, అంతియే. పొట్టి అలుగు, లావు పిడి గల చాకును నేను కొందరి చేతికిచ్చి చూచితిని. పది కోతలు కోసిన పిమ్మట తమ చాకును మరల అడిగినవారు తక్కువ.

ఇక పనుల సంగతి. నడిగడ్డలో, అనగా కృష్ణా తుంగభద్రల నడుమ నేలలో, మిక్కిలి విలువగల పని పత్తి విత్తనోత్పత్తి. సంకర విత్తనమునకై సాయంకాలము మొగ్గను విప్పి కేసరములను తీసివేసి, మరునాటి ఉదయము వేరు మొక్క పుప్పొడిని అద్దవలెను. దీనికి చాకు అక్కరలేదు. బొటనవ్రేలి గోరే పనిముట్టు. మొగ్గవెంట మొగ్గను గోటితో ఒలుచు ఆడుకూలీల నేర్పును చూచినవారికి, గొప్ప పనికి గొప్ప అలుగు కావలెనను మాట రుచింపదు. (చాకు మాట వచ్చినప్పుడు మనము మగవారినే తలంతుము. ఆడవారి చేతి కొలతకు తగిన పనిముట్టును తలంచిన వర్తకుడు నాకింతవరకు కనబడలేదు.) వనపర్తి వైపు వేరుసెనగ రైతు కాయ ముదిరినదా లేదా యని చూచుటకు గుల్లను చీల్చి లోపలి పొర నల్లబారినదో లేదో చూచును, అంగుళము అలుగు చాలును. కొల్లాపురము మామిడి తోటలలో అంటుకట్టువానికి కావలసినది రెండున్నర, మూడంగుళముల పలుచని తిన్నని అలుగు. పొడవైన అలుగుతో కోత వంకరపోవును. వంకర కోత సరిగా అతుకదు. కాయ కోయునప్పుడు తొడిమ కొంత విడిచి కోయనిచో సొన కారి తొక్క మాడును, అంగడిలో ధర తగ్గును. దానికి చాకుకంటె కత్తెర మేలు.

పెద్ద అలుగు పనికివచ్చు చోట్లును గలవు. గొర్రెలకాపరి దినమంతయు, మేత కరవైన కాలమున నెలల తరబడియు, ఇంటికి దూరముగా నుండును. త్రాడు కోయుటకు, లేత రెమ్మలు కోసి పిల్లలకు వేయుటకు, గిట్టలోని ముల్లు తీయుటకు, ఉల్లిగడ్డ తరుగుటకు అతనికి ఒక్కటే పనిముట్టు. బిందుసేద్యపు గొట్టములు, ఎరువుల సంచులు కోయువానికి నాలుగంగుళముల అలుగు హాయిగా నుండును. పుచ్చకాయను ఒక్క కోతతో రెండు చేయుటకు పెద్ద అలుగే కావలెను. దీనిని చిన్న కారణమని నేను త్రోసివేయను. వేసవి మధ్యాహ్నము గట్టుమీద కూర్చున్నవారెవరును త్రోసివేయరు.

అయితే నరుకుటకు మడతచాకు పనికిరాదు. దానికి కీలే బలహీనస్థానము. అలుగు పొడవైనకొలది కొనమీద పడిన ఒత్తిడి కీలు వద్ద అన్ని రెట్లగును. గడ్డపారతో బండను లేపినవానికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కల్లుగీత గౌడులు మడతచాకుతో చెట్టెక్కరు. నల్లమల చెంచులు అడవికి పోవునప్పుడు గొడ్డలియు మడవని కత్తియు తీసికొనిపోవుదురు. కత్తిమీద బ్రతుకు ఆధారపడిన ఈ ఇరువురును మడతకీలును నమ్మకపోవుట గమనింపదగినది.

ఇతర దేశముల రైతులును ఈ కొలతను గూర్చి ఆలోచించినవారే. ఫ్రాన్సు దేశమున సవోయి కొండసీమలో జోసెఫ్ ఒపినెల్ అనునతడు 1890 ప్రాంతమున కొయ్యపిడి మడతచాకును చేయనారంభించి, పిమ్మట వానిని సంఖ్యల వరుసను చిన్నవి పెద్దవి చేసెను. 12వ సంఖ్య చాకు అలుగు 12 సెంటీమీటర్లు. అయినను లోకమున ప్రసిద్ధికెక్కినది 8వ సంఖ్య; దాని అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, అనగా మూడంగుళములకు కొంచెము పైచిలుకు. 1955లో దానికి అలుగు తనంతట ముడుచుకొనకుండ తిరుగుడు ఉంగరమొకటి చేర్చిరి. పొడవును పెంచుటకంటె ఈ ఉంగరము వలన రక్షింపబడిన వ్రేళ్లు ఎక్కువని నా నమ్మకము. స్పెయిను దేశమున కథ వేరు. అచ్చట పాలకులు సామాన్యులు ఆయుధములు ధరింపరాదని ఆంక్షలు పెట్టిన కాలమున నవాహ అను మిక్కిలి పొడవైన మడతచాకు వ్యాపించెను. అది పనికొరకు పొడవు కాలేదు. కత్తికి మారుగా పొడవయ్యెను.

ఇప్పుడు ఆ రెండపోహల సంగతి. పశువునకు కడుపుబ్బరము వచ్చినప్పుడు పొడుచుటకు పెద్ద చాకు కావలెనని కొందరందురు. ఇది పూర్తిగా నిరాధారము కాదు. ఫ్రాన్సులోని లాయోల్ గ్రామపు కాపరి చాకునకు 1840 ప్రాంతమున ఈ పనికే ఒక సూదిని చేర్చిరి. కాని అది సన్నని సూది, చాకు కాదు. పశువైద్యులు వాడునది గొట్టముతో కూడిన సూది. గాలి గొట్టములోనుండి బయటికి పోవును, కడుపులోని మేత పొరలలోనికి జారదు. చాకుతో చీల్చినచో ఆ మేతయు మాలిన్యమును లోపల చేరి, ఉబ్బరము తీరిన పశువు మూడవనాడు చీముపట్టి చచ్చును. ఉబ్బరము కనబడగనే ముందుకాళ్లు ఎత్తుమీద నుండునట్లు నిలబెట్టి, నోట అడ్డముగా కర్రముక్క కట్టి నమలనిచ్చి, గొర్రెకు 50 నుండి 100 మిల్లీలీటర్ల వంటనూనె మెల్లగా త్రాగించి, పశువైద్యుని పిలిపింపవలెను. తొందరపడి పోసిన నూనె ఊపిరితిత్తులలోనికి పోవును గనుక మెల్లగా ననుమాట మరువరాదు.

రెండవది ఇంతకన్న ఘోరమైనది. పాము కరచినచోట కోసి రక్తము పోనిచ్చుటకు చాకు ఉంచుకొంటినని చెప్పువారు నేటికిని గలరు. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము 2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటువలన చనిపోయినవారు సుమారు 12 లక్షలు. ఏడాదికి సరాసరి 58,000. వీరిలో అధికసంఖ్యాకులు పల్లెలవారే. కోతవలన విషము బయటికి రాదు. రక్తపింజర విషము రక్తము గడ్డకట్టు శక్తిని చెరచును. అట్టి దేహముమీద కోత కోసినచో ఆ కోతనుండియే రక్తము ఆగక కారును. గట్టిగా త్రాడు బిగించుటయు హానియే. కరచిన కాలిని, విరిగిన ఎముకకు చేసినట్లు, కర్రలతో కదలకుండ కట్టి, మనిషిని నడవనీయక, 108 వాహనమును పిలిచి సర్కారు దవాఖానకు చేర్పవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికిని అక్కడ ఇచ్చు విషహారపు మందు ఒక్కటే. చాకు అప్పుడు జేబులోనే యుండనిండు.

పెద్ద చాకు మోయువారిలో భయమువలన మోయువారిని నేను తప్పుపట్టను. రాత్రివేళ మోటారు వేయుటకో, కాలువనీరు మలపుటకో ఒంటరిగా పోవునతనికి చేతిలో ఏదో యుండవలెననిపించుట సహజము. అమ్రాబాదు అడవి అంచున చేనున్నవానికి అడవిపంది భయము నిత్యము. కాని చాకుతో పందిని ఎదుర్కొనవలెనన్న పంది చేతికందునంత దగ్గరకు రావలెను; అంత దగ్గరకు వచ్చిన పిమ్మట చాకు పొడవు లెక్కకు రాదు. మంచి దీపము, పొడవైన కర్ర, తోడొక మనిషి, ఈ మూడును పందియెడల ఏ చాకుకన్నను బలమైనవి. పాముయెడల దీపమే మొదటిది.

డంబమునకు మోయువారి సంగతి వేరు. వీరు ఎక్కువగా పడుచువారు. ఉత్తరప్రదేశమునందలి రాంపూరు పట్టణము నవాబుల కాలమునుండి చాకులకు పేరుపడినది. తొమ్మిది మొదలు పన్నెండంగుళముల అలుగు గల రాంపూరీ చాకు, 1970ల హిందీ చలనచిత్రములలో దుర్మార్గుల చేతిలో టక్కున విప్పుకొనుటవలన దేశమంతటను ప్రసిద్ధమయ్యెను. 1990ల నడుమ అక్కడి ప్రభుత్వము నాలుగున్నర అంగుళములు మించిన వానిని నిషేధింపగా ఆ వృత్తివారు చాలవరకు దెబ్బతినిరి. పనివారి నేర్పునకు చిత్రములు తెచ్చిన అపకీర్తి యిది. మన మల్దకల్ జాతరకో, కురుమూర్తి జాతరకో అట్టి చాకును జేబులో పెట్టుకొని పోవు యువకునకు అక్కడ కోయవలసిన పంట ఏమున్నది?

చట్టమును గూర్చి సభ్యులలో కొందరికి అనవసరపు భయమును, కొందరికి అనవసరపు ధైర్యమును గలవు. 1959 నాటి ఆయుధముల చట్టము ఇంటిపనికి, సేద్యమునకు మాత్రమే చేయబడిన వస్తువులను ఆయుధములుగా లెక్కింపదు. దానిక్రింది నిబంధనలు 9 అంగుళములకు మించిన పొడవో, 2 అంగుళములకు మించిన వెడల్పో గల అలుగులను ఆయుధముల పట్టికలో చేర్చి, సేద్యపు పనిముట్లను మినహాయించినవి. తొమ్మిదంగుళములనగా మన జానెడు. కొడవలి పట్టుకొని చేనికి పోవువానికి చిక్కులేదు. జానెడు మించిన మడతచాకును సంతలో చూపి అది కలుపుతీయుటకని చెప్పినచో ఎవరు నమ్ముదురు?

అంతకంటె ముఖ్యమైనది కొట్లాట. 1-7-2024 నుండి అమలునందున్న భారతీయ న్యాయ సంహితలో, వట్టిచేతులతో కొట్టి గాయపరచినచో 115వ విధి క్రింద ఏడాది వరకు శిక్షయో, పదివేల వరకు జుల్మానాయో, రెండునో. అదే గాయము పొడుచు, కోయు సాధనముతో చేసినచో 118వ విధి క్రింద మూడేండ్ల వరకు శిక్షయో, ఇరువదివేల వరకు జుల్మానాయో, రెండునో. గాయము తీవ్రమైనచో శిక్ష మరింత పెరుగును. మన ప్రాంతమున కొట్లాట లెక్కడ పుట్టునో అందరికిని తెలియును. రాజోలిబండ కాలువక్రింద అలంపురము వైపు 87,500 ఎకరముల ఆయకట్టు నిర్ణయింపబడినది. తోక భూములకు నీరందక రైతులు ఏండ్ల తరబడి మొరపెట్టుకొన్నారు. నీరు తక్కువయైనచోట రాత్రి తూము వద్ద మాట పెరుగును. చేతిలో పార యున్నను ప్రమాదమే, కాదనను. కాని పారను నేలను పెట్టి మాటాడవచ్చును. జేబులోని చాకు ఎదుటివానికి కనబడక యుండి, కోపము వచ్చినప్పుడే బయటికి వచ్చును. తడవవలసిన అరెకరము ఎండి, దున్నవలసినవాడు కచేరీల చుట్టు తిరిగిన ఇంటివారు ఆ చాకు పొడవును మరువరు.

నా అభిప్రాయమున సేద్యగానికి మూడు మొదలు మూడున్నర అంగుళముల అలుగును, నాలుగున్నర అంగుళములకు తగ్గని లావు పిడియు, బిగింపు గల కీలును ఉన్న చాకు ఉత్తమము. కాపరులకు నాలుగంగుళములు. అంతకు పైపనికి కొడవలియు గొడ్డలియు ఉండనే యున్నవి. కొనునప్పుడు అలుగు విప్పి అటునిటు కదల్చి చూడవలెను, కీలు వద్ద ఊగరాదు. అలుగు వీపును కొయ్యమీద రెండు మూడుమార్లు తట్టవలెను, బిగింపు వదలరాదు. ఆ తట్టునప్పుడు వ్రేళ్లు అలుగు ముడుచుకొను దారిలో లేకుండ చూచుకొనవలెను. తుప్పుపట్టని ఉక్కు మామిడి తోటకు మేలు. మామూలు ఉక్కు సానకు సులువుగా వంగును గాని సొన తగిలి నల్లబడును. కీలునకు వారమునకొక చుక్క ఆముదము చాలును.

సంఘము విత్తనములు, ఎరువులు టోకున తెప్పించునట్లే ఇట్టి చాకులను కొన్నిటిని, ఆడవారి చేతికి సరిపడు సన్నని పిడివి కొన్నిటిని కలిపి, తెప్పించి అసలు ధరకు ఇయ్యవచ్చును. పాలకవర్గము వారు రానున్న సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు పెట్టవలెనని కోరుచున్నాను. సభ్యులు తాము వాడు చాకులను, ఎంత పెద్దవైనను సరే, ఆ దినమున వెంట తెచ్చినచో కొలిచి చూతము. సానరాయి నేను తెచ్చెదను.