మోకు ముడి తెలియకపోతే ముప్పే

తుపాను మాట వినబడితే గోపాలపట్నం పరిసర గ్రామాల వారికి 2014 అక్టోబరు 12 గుర్తుకు రాక మానదు. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటిన రోజు అది. నగరంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ లెక్కలేనన్ని చెట్లు నేలకూలాయి. ఇటువంటప్పుడు సహాయ దళాలు ముందుగా పెద్ద రోడ్లను చూసుకుంటాయి. ఊరి బాటకు అడ్డంపడిన మానును తొలగించుకోవలసింది ఊరి జనమే.

గొడ్డలి పట్టినప్పుడు జాగ్రత్తపడే వారు కూడా తాడు విషయంలో అశ్రద్ధ చేస్తున్నారు. పది అడుగుల పొడవు, అడుగున్నర మందం గల పచ్చి దుంగ నాలుగైదు క్వింటాళ్లు తూగుతుంది. దానిని పాత చేదతాడుతోనో, పశువుల పలుపుతోనో లాగబోవడం ప్రాణాలతో చెలగాటమే. ఏ ముడి వేసినా తాడు బలం కొంత తగ్గుతుంది. మామూలు ముడి పడిన చోట దాదాపు సగం బలమే మిగులుతుంది. ఎండకు ఎండిన నైలాన్ తాడు, పురులు తెగిన కొబ్బరి తాడు అసలే పనికిరావు.

దుంగను లాగడానికి కలప పనివారు వేసే ముడి కష్టమైనదేమీ కాదు. తాడు కొసను దుంగ చుట్టూ తిప్పి, లాగే తాడుకు ఒక మెలిక వేయాలి. మిగిలిన కొసను దుంగను చుట్టిన తాడుకే మూడు, నాలుగు చుట్లు పెనవేయాలి. నునుపైన నైలాన్ అయితే మరో రెండు చుట్లు అవసరం. లాగిన కొద్దీ ఇది బిగుస్తుంది. పని అయ్యాక పీటముడిలా మొరాయించకుండా సులభంగా ఊడుతుంది. లాగే వైపున, దుంగ మొన దగ్గర మరో మెలిక వేస్తే దుంగ పక్కకు తిరగకుండా తిన్నగా వస్తుంది. అయితే తాడు వదులైతే ఈ ముడి కూడా సడలుతుంది. కాబట్టి ఆగిన ప్రతిసారీ సరిచూడాలి. దీనితో దుంగను పైకెత్తరాదు.

ముడి ఒక్కటే చాలదు. తాడును చేతికి చుట్టుకోరాదు. నైలాన్ సాగి తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది గనుక తాడు వరుసలో ఎవరూ నిలబడరాదు. సింహాచలం కొండ వాలు వంటి చోట్ల దుంగకు దిగువన మనిషి ఉండకూడదు. ట్రాక్టరుతో లాగేటప్పుడు వెనుక కిందనున్న హుక్కుకే తాడు కట్టాలి. ఎత్తున కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడే ప్రమాదం ఉంది. పిల్లలను దరిదాపులకు రానీయరాదు.

తుపాను వచ్చాక తాళ్ల కోసం వెదుక్కోవడం కన్నా ముందే సిద్ధపడటం మేలు. ప్రతి పంచాయతీ, నగరంలో కలిసిన గ్రామాల్లో ప్రతి వార్డు కార్యాలయం రెండు మంచి మోకులను ఎండ, వాన తగలని చోట భద్రపరచాలి. అగ్నిమాపక సిబ్బంది చేత ఊరికి పదిమంది యువకులకైనా ఈ ముళ్లు నేర్పించాలి. తాళ్లతోనే బతికే మత్స్యకారులను పిలిస్తే వారూ నేర్పగలరు. ఒక పూట శిక్షణకు అయ్యే ఖర్చు స్వల్పం. అధికారులు వచ్చే తుపాను వరకు ఆగకుండా ఇప్పుడే ఇందుకు పూనుకోవాలి.