24వ లైన్ దగ్గరే రిటర్న్

మా అక్క కూతురు ఏడాది దాటినా పిలిస్తే పలికేది కాదు. "మాటలు లేటుగా వస్తాయిలే" అన్నారు అందరూ. టెస్టుల్లో తేలింది, పుట్టు చెవుడని. కారణం జీజేబీ2 అనే జీన్.

లోపలి చెవిలో పక్కపక్క కణాల మధ్య సన్నని దారులుంటాయి. అవే గ్యాప్ జంక్షన్లు. ఒక కణం ఆరు కనెక్సిన్ ప్రొటీన్లతో సగం గొట్టం కడితే, పక్క కణం మిగతా సగం కడుతుంది. పొటాషియం అయాన్లు, చిన్న చిన్న అణువులు అందులోంచే అటూఇటూ వెళ్తాయి.

ఈ జీన్ తయారుచేసే కనెక్సిన్ 26లో 226 అమైనో ఆమ్లాలుండాలి. మన దేశంలో ఎక్కువగా కనిపించే మ్యుటేషన్ 24వ దాని దగ్గరే ఆపేస్తుంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, 226 లైన్ల ఫంక్షన్‌లో 24వ లైన్‌కే రిటర్న్!

జీన్ ఒక కాపీ బాగున్నా వినపడుతుంది. అందుకే అక్కకీ బావకీ ఏ తేడా తెలియలేదు. వాళ్లది మేనరికం. ఒకే తాత నుంచి పాడైన కాపీ ఇద్దరికీ దిగితే, బిడ్డకి రెండూ పాడైనవే రావచ్చు. బయటి సంబంధాల్లోనూ ఇది జరుగుతుంది, కాకపోతే అవకాశం తక్కువ.

పాపకి కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. ఇప్పుడు పిలిస్తే తిరుగుతోంది. కానీ ఎంత తొందరగా పెడితే మాటలు అంత బాగా వస్తాయి. పసిబిడ్డ నిద్రలో ఉండగానే నిమిషాల్లో అయిపోయే వినికిడి టెస్ట్ ఉంది. మీ ఇంట్లో బిడ్డ పుడితే నెలలోపే అడిగి చేయించండి.