దువ్వెన పట్టిన చెయ్యి

శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే మా సూళ్లూరుపేటలో కిటికీ రెక్కలు గడగడలాడతాయి. ఊరంతా మిద్దెలెక్కి ఆకాశం చూస్తుంటే, మా ఇంట్లో మాత్రం ఇద్దరు మంచం కిందికి దూరతారు. ఒకరు పక్కింటి ఏడేళ్ల పిల్లాడు, రెండోది మా కుక్క. చప్పుడు ఆగేదాకా ఒకరినొకరు ఆనుకుని ఉంటారు. పిల్లాడికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కుడిచేతి పిడికిలి ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. ఓసారి మంచం కింద ఆ పిడికిలి విచ్చుకుని కుక్క వీపు మీద ఆనింది. అది చూసి వాళ్లమ్మ "అక్కా, ఇట్లా రా!" అని నన్ను కేకేసింది.

నేను ఆక్యుపేషనల్ థెరపీ చదివేవాళ్లకి పాఠాలు చెబుతాను. ఆ పేరు వినగానే "ఉద్యోగం ఇప్పించే చదువా?" అని అడుగుతుంటారు. కాదండీ. ముద్ద కలుపుకోవడం, గుండీ పెట్టుకోవడం, తల దువ్వుకోవడం... మనం ఆలోచించకుండా చేసుకుపోయే ఈ పనుల్ని, చేతకానివాళ్లకి మెల్లమెల్లగా అలవాటు చేసే చదువు. మన దేశంలో దీనికి మొదటి బడి పెట్టింది ఒక స్త్రీ. అమెరికాలో పుట్టి మన దేశానికి కోడలిగా వచ్చిన కమలా నింబ్కర్, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దాన్ని మొదలుపెట్టారు.

ఈ పనిలో జంతువుల తోడు తీసుకోవడం నిన్నమొన్నటి ముచ్చట కాదు. మంచాన పడ్డవాళ్లకి చిన్న పెంపుడు ప్రాణి మంచి తోడని ఫ్లారెన్స్ నైటింగేల్ తన నర్సింగ్ పుస్తకంలోనే రాశారు. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే మనస్తత్వవేత్త, తన కుక్క జింగిల్స్ గదిలో ఉన్నప్పుడు ముడుచుకుపోయిన పిల్లలు దగ్గరవడం గమనించి 1962లో దాని గురించి రాశారు. మనకి దగ్గర్లోనే, మద్రాసులో, బ్లూ క్రాస్ వాళ్లు 'డాక్టర్ డాగ్' పేరుతో పెంపుడు కుక్కల్ని పిల్లల దగ్గరికి తీసుకెళ్లారు.

ఇదంతా చెప్పగానే క్లాసులో పిల్లల మొహాలు వెలిగిపోతాయి. "అయితే మేడమ్, రేపే కుక్కని తెస్తాం!" అంటారు. అప్పుడు నేనొక్కటే అడుగుతాను: "కుక్క వచ్చి వెళ్లాక ఆ పిల్లాడు కొత్తగా ఏ పని చెయ్యగలగాలి?" అందరూ ఊరుకుంటారు. మా పాఠం అక్కడే మొదలవుతుంది.

పక్కింటి పిల్లాడి సంగతే చూడండి. దువ్వెన పిడికి గుడ్డ చుట్టి లావు చేసి ఇచ్చాం, పట్టు దొరకాలని. దానితో కుక్కని దువ్వితే మణికట్టు పైకి లేస్తుంది. గిన్నెలో నీళ్లు పొయ్యాలంటే రెండు చేతులూ కలవాలి. మెడపట్టీ బకిల్ పెట్టాలంటే వేళ్లు విడిగా కదలాలి. 'చెయ్యి చాపు' అని వందసార్లు చెప్పినా చాపని పిల్లాడు, కుక్క కోసం తనంతట తనే చాపాడు. కానీ అక్కడితో ఆగితే అది ఆటే. అదే దువ్వెనతో తన తల తను దువ్వుకునేదాకా తీసుకురావాలి. పైగా ఇది జబ్బుని మాయం చేసే మందేం కాదు. సాధన చెయ్యడానికి మనసు పుట్టిస్తుంది, అంతే. ఆ మాట తల్లికి ముందే చెప్పాలి.

ఇక రెండో పాఠం. ఇది నా తప్పు వల్ల నేర్చుకున్నది. ఒకసారి మా విద్యార్థిని ఒక పాపతో పని చేయిస్తుంటే, కుక్క ఆవలించింది, మూతి నాక్కుంది, మొహం పక్కకి తిప్పుకుంది. "నిద్రొస్తోంది పాపం" అని నవ్వుకున్నాం. ఇంకో ఐదు నిమిషాలు అని సాగదీశాను. అది గుర్రుమంది. కరవలేదు కానీ, ఆ పాప రెండు నెలలు ఆ గది గడప తొక్కలేదు. కుక్క తన భాషలో మూడుసార్లు "చాలు" అంది. వినిపించుకోనిది నేను. అందుకే ఇప్పుడు నా విద్యార్థులు పిల్లల్ని ముట్టుకునే ముందు, కొన్ని గంటలపాటు కుక్కని ఊరికే కూర్చుని గమనిస్తారు. ప్రతి కుక్కా ఈ పనికి రాదు. చప్పుడుకి జడిసే మా కుక్క, తెలిసిన పిల్లాడితో మా వరండాలో సరే. ఆసుపత్రికి మాత్రం పనికిరాదు.

మూడోది, ఇంటివాళ్ల మాట వినడం. కుక్కని గడప దాటనివ్వని ఇళ్లున్నాయి, బొచ్చు పడని పిల్లలున్నారు, చిన్నప్పుడు కరిపించుకుని హడలిపోయినవాళ్లున్నారు. వాళ్లని బలవంతపెట్టకూడదు. రేబిస్ టీకా, నులిపురుగుల మందు, చేతులు కడుక్కోవడం, జంతువుని సాకేవాళ్లు పక్కనే ఉండటం... వీటిలో ఏది లోపించినా పని మొదలుపెట్టకూడదు. కుక్కే కావాలనీ లేదు, మచ్చికైన మేకపిల్లా దూడా కూడా మేత అందుకుంటాయి. పంజరంలో రామచిలుక మాత్రం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని ఒప్పుకోదు. పులికాట్ కొంగల్ని దూరం నుంచే చూపిద్దాం.

ఇంత చెప్పడం ఎందుకంటే, మా ఊరి తల్లులు చెయ్యి సాగని పిల్లల్ని చంకనేసుకుని తెల్లారకముందే మద్రాసు లోకల్ ఎక్కుతున్నారు. అరగంట థెరపీ కోసం ఒక రోజు కూలీ, ఒక రోజు వంట, ఇంటికొచ్చాక ఒక మాట కూడా పడుతున్నారు. అలా వచ్చిన తల్లి ముందు కుక్కని ఆడించి పంపేస్తే, అది మోసమే అవుతుంది. తెలిసి చేయిస్తే, నేర్చుకున్నది ఇంటి ముంగిట్లో రోజూ సాధన చేయించుకోగలదు.

ఫిజియోథెరపీ మాదిరిగానే ఆక్యుపేషనల్ థెరపీనీ 2021 చట్టం జాతీయ కమిషన్ కిందికి తెచ్చింది. తిరుపతిలో 2005 నుంచి పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. మనిషి చెయ్యి తెలిసిన విద్యార్థుల్నీ, జంతువు మనసు తెలిసిన విద్యార్థుల్నీ ఏడాదిలో కొన్నాళ్లయినా ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టలేమా? దానికి పెద్ద భవనాలేం అక్కర్లేదు. పెద్దలు తలుచుకోవాలి, మనం అడగాలి.

మొన్న బడికి బయల్దేరుతూ పక్కింటి పిల్లాడు తన తల తనే దువ్వుకున్నాడు. పాపిడి వంకరపోయింది. సరిచెయ్యబోయిన వాళ్లమ్మని "నువ్వుండుమా" అని ఆపాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.